ముందు కేసు, తర్వాతే కన్సోల్

చేతిలో పట్టుకుని ఆడే గేమ్ కన్సోల్ ఇంటికి రావాలంటే, దానికంటే ముందు దాని కేసు రావాలి. కేసు వచ్చి, బీరువాలో దానికో చోటు కుదిరి, తెరవడం మూయడం ఇంటిల్లిపాదికీ చేతనయ్యాకే కన్సోల్ మాట ఎత్తాలి. ఈ సలహా ఎవరికి చెప్పినా తిరగేసి చెబుతున్నాననుకుంటారు. కానీ చుట్టూ జరుగుతున్నది చూస్తున్నాను. వేలకు వేలు పోసి నింటెండో స్విచ్ కొంటారు. ఆ రాత్రికి అది దిండు కింద ఉంటుంది. మర్నాడు స్కూలు బ్యాగులో కంపాస్ బాక్సు పక్కన దొర్లుతుంది. నెల తిరిగాక ఎవరికో గుర్తొస్తుంది, దీనికో కేసు కొంటే బాగుండేదని. అప్పటికి పడాల్సిన గీతలన్నీ పడి ఉంటాయి.

మన పెద్దవాళ్లకు ఈ తెలివి ఎప్పుడో ఉంది. టీవీ రిమోట్‌కు ప్లాస్టిక్ తొడుగు, మిక్సీకి గుడ్డ కవరు, ఫ్రిజ్ హ్యాండిల్‌కు లేసు కుట్టిన తొడుగు, కొత్త కారు సీట్ల మీద ఏడాదైనా తీయని పాలిథిన్. వీటి మీద ఇప్పటి పిల్లలు జోకులు వేసుకుంటున్నారు. తొడుగులో పెరిగిన రిమోట్‌కు పదిహేనేళ్ల తర్వాత కూడా అంకెలు చెరగలేదన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. 2021లో వచ్చిన స్విచ్ ఓఎల్ఈడీ మోడల్ స్క్రీన్ మీద ఫ్యాక్టరీలోనే ఒక పల్చటి ఫిల్మ్ అంటించి పంపారు. అద్దం పగిలితే ముక్కలు చెదరకుండా ఉండేందుకు అది. దాన్ని పీకొద్దని నింటెండో వాళ్లే చెప్పారు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ చెప్పక్కర్లేదు. కొత్త వస్తువు మీది కవరు పీకడం మాకు అలవాటు లేదు.

కేసు కొనబోయేముందు అది దేని నుంచి కాపాడాలో తేల్చుకోండి. కింద పడటం, దుమ్ము, నీళ్లు అంటారు అందరూ. అవన్నీ నిజమే గానీ చిన్న శత్రువులు. కన్సోల్‌కు అసలు శత్రువు ఆట. స్టిక్ ఎందుకు పాడవుతుందో చూడండి. స్విచ్ పక్కలకు తగిలించే కంట్రోలర్లను జాయ్‌కాన్లంటారు. వాటి స్టిక్ లోపల కార్బన్ పూత పూసిన పట్టీలుంటాయి. మనం స్టిక్ తిప్పినప్పుడల్లా ఆ పట్టీల మీద చిన్న లోహపు కాంటాక్టులు రాసుకుంటాయి. రాసుకున్న కొద్దీ పూత అరుగుతుంది. ఆ తర్వాత చెయ్యి తీసేసినా బొమ్మ దానంతటదే పక్కకు నడుస్తుంది. దీన్నే డ్రిఫ్ట్ అంటారు. ఈ గొడవ ఎంత దూరం పోయిందంటే, 2020 జూన్‌లో షేర్‌హోల్డర్ల సమావేశంలో నింటెండో అధ్యక్షుడు షుంతారో ఫురుకావా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఓఎల్ఈడీ స్క్రీన్ కూడా వెలిగినంతసేపే అరుగుతుంది. కేసులో ఉన్న స్టిక్ అరగదు, కేసులో ఉన్న స్క్రీన్ వెలగదు. అందుకే నా లెక్కలో కేసు మంచిదా కాదా అనడానికి గీటురాయి ఒక్కటే: అందులోంచి కన్సోల్‌ను బయటికి తీయడం ఎంత కష్టం?

కంపెనీలు ఒకప్పుడు ఈ బాధ్యత తామే మోసేవి. నింటెండోలో గన్‌పేయ్ యోకోయ్ రూపొందించిన గేమ్ అండ్ వాచ్ అనే చేతి ఆటలలో 1982లో వచ్చిన డాంకీ కాంగ్‌ను చూడండి. రెండు తెరలు, మధ్యలో మడత బందు. మూసి జేబులో వేసుకుంటే తెర మీద చిన్న గీత కూడా పడదు. 2003లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీ, 2004లో డీఎస్, 2011లో 3డీఎస్, అన్నిటికీ ఒంటికే మూత ఉంది. 2017 మార్చిలో స్విచ్ వచ్చేసరికి ఆ మూత పోయింది. ఆరంగుళాల పైచిలుకు స్క్రీను, పైకి పొడుచుకొచ్చిన రెండు స్టిక్కులు, అన్నీ బట్టబయలు. పెట్టెలో కేసు కూడా ఇవ్వలేదు. 2022లో స్టీమ్ డెక్‌ను తెచ్చిన వాల్వ్ కంపెనీ మాత్రం కన్సోల్‌తో పాటే కేసు పెట్టి పంపింది. నాకు వాళ్లమీద గౌరవం.

ఇక కొలతలు. స్విచ్ పొడవు జాయ్‌కాన్లతో కలిపి 239 మిల్లీమీటర్లు, వెడల్పు 102. ఓఎల్ఈడీ మోడల్ పొడవు 242. స్విచ్ లైట్ 208. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 ఏకంగా 272, వెడల్పు 116. స్టీమ్ డెక్ 298, మందం 49. వీటన్నిటికీ సరిపోతుందని అట్టపెట్టె మీద రాసి ఉన్న కేసు దేనికీ సరిపోదు. పెద్ద కేసులో చిన్న కన్సోల్ గలగలమంటుంది, ఆ గలగలలోనే మూలలు అరుగుతాయి.

కొలత కాగితం మీద రాసుకుని వెళితే చాలదు. కన్సోల్ చెక్క నమూనా చేయించుకుని వెళ్లండి. మా వీధి చివర వడ్రంగి చేత టేకు ముక్కతో నేను చేయించినది ఇలా ఉంటుంది: 239 పొడవు, 102 వెడల్పు, 14 మందం, స్టిక్కులుండే చోట రెండు చెక్క గుండీలు. స్టిక్ కొన నుంచి వెనక బొత్తాల ఉబ్బు దాకా స్విచ్ మందం 28.4 మిల్లీమీటర్లు గనక గుండీల ఎత్తు దానికి తగ్గట్టు అరగదీయించాను. టేకు తేలిక, అసలు స్విచ్ జాయ్‌కాన్లతో 398 గ్రాములు. అందుకని వెనక తొలిచి ఇనుప నట్లు, వాషర్లు కూరి మైనంతో మూయించి, కిరాణా కొట్టు కాటా మీద పెట్టి సరిచూశాను. మూలలు గరుకుకాగితంతో బాగా గుండ్రం చేయించాలి, లేకపోతే కేసు లోపలి గుడ్డను గీరేస్తుంది.

ఆ చెక్క పట్టుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల బజారుకు వెళ్లాను. షాపు కుర్రాడు అటూ ఇటూ తిప్పి చూసి, "అంకుల్, మీ కన్సోల్ ఏదీ?" అన్నాడు.

"ఇంకా కొనలేదు బాబూ. ముందు కేసు చూపించు."

కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. షాపులో ఉన్న కేసులన్నీ ఒక్కొక్కటే దింపాడు. కన్సోల్ చేతిలో పెట్టుకుని వెళ్లినవాడికి తొందర ఉంటుంది, ఏదో ఒకటి తీసుకుని బయటపడతాడు. చెక్కతో వెళ్లినవాడికి ఏ తొందరా ఉండదు.

షాపులోనే చేయాల్సిన పరీక్ష బొటనవేలిది. కేసు మూసి బల్ల మీద పెట్టి, మూత నడిమధ్య బొటనవేలితో గట్టిగా నొక్కండి. ఈ కేసుల్లో ఎక్కువ భాగం ఈవీఏ అనే ఫోమ్ షీటును వేడి చేసి అచ్చులో నొక్కి చేసినవే. మంచిదైతే వేలికి ఎదురు తిరుగుతుంది. నాసిరకమైతే గుంట పడి, మెల్లగా పైకి లేస్తుంది. గుంట పడితే అక్కడే వదిలేయండి. నియోప్రీన్ సంచుల్లాంటివి అసలు ముట్టుకోవద్దు. అవి గీతల్ని ఆపుతాయి, నొక్కుడును ఆపలేవు. రెగ్జిన్ కూడా వద్దు. మన గాలిలోని తేమకు దాని పైపూత నాలుగైదు వానాకాలాల్లో పొట్టులా రాలిపోతుంది.

మిగతా రెండు పరీక్షలు ఇంట్లో. చపాతీ పిండిని అరచేతి మందాన కాదు, అట్టముక్క మందాన ఒత్తి, పల్చటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టి కేసు మూతకు లోపలివైపు పరవండి. చెక్క నమూనా లోపల పెట్టి జిప్పు పూర్తిగా వేసి, రాత్రంతా ఉంచి తెల్లారి తీయండి. పిండి మీద రెండు గుంటలు కనిపిస్తే ఆ మూత స్టిక్కులను నొక్కుతోందన్నమాట. రోజుల తరబడి అలా ఒత్తిడిలో ఉంటే స్టిక్ నడిమికి సరిగ్గా రాదు. గుంటలు లేకపోతే కేసు మొదటి మెట్టు ఎక్కింది. లోపల కన్సోల్ అంచుల్ని మాత్రమే పట్టి, స్టిక్కుల చోట గుంత తీసి ఉన్న అచ్చు కేసులు ఈ పరీక్షలో నెగ్గుతాయి.

రెండోది అప్పడం పరీక్ష. వేయించిన చిన్న అప్పడాన్ని పాలిథిన్ కవర్లో వేసి, స్క్రీన్ వైపు చెక్క మీద పెట్టి కేసు మూసి, నడుమెత్తు నుంచి గచ్చు మీదికి వదలండి. ఒకసారి వెల్లకిలా, ఒకసారి నిలువుగా, ఒకసారి మూల మీదికి. అప్పడం ముక్కలైతే లోపల చెక్క ఎగిరి మూతకు కొట్టుకుందని అర్థం. అసలు స్క్రీను అప్పడమంత సుతారం కాదని మా బావగారు వాదించారు. కావచ్చు. కానీ అప్పడాన్ని కాపాడగలిగిన కేసు స్క్రీన్‌ను కాపాడలేకపోదు.

ఈ పరీక్షలన్నీ నెగ్గినా నేను ఒప్పుకోనిది ఒకటుంది, మూత లోపలి వల జేబు. చార్జరు, ఇయర్‌ఫోన్లు, కేబుళ్లు పెట్టుకోవడానికని దాన్ని కుడతారు. అందులో ఏది పెట్టినా దాని బరువు సరిగ్గా స్క్రీన్ మీదే పడుతుంది. గేమ్ కార్డులు పెట్టుకునే మడత కూడా అంతే. కార్డులు వేరే చిన్న డబ్బాలో ఉండాలి. చిన్నపిల్లలు మింగకుండా స్విచ్ కార్డులకు డినటోనియం బెంజోయేట్ అనే మహా చేదు పూత పూస్తారు. కంపెనీ ఇంత ముందుచూపుతో ఉంటే మనం కార్డుల్ని కన్సోల్ నెత్తిన కూర్చోబెట్టడమేమిటి? వల జేబు లేని కేసు దొరకదు. అందుకని కేసు ఇంటికి తెచ్చిన రోజే జేబు మూతిని సూదీ దారంతో కుట్టేయండి. తెరిచి ఉన్న జేబులో ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ఏదో ఒకటి పెడతారు.

జిప్పు సంగతి చాలామంది పట్టించుకోరు. కేసులో మొదట చచ్చేది అదే. పళ్లు మూసుకున్నప్పుడు వెడల్పు అయిదు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. రన్నర్లు రెండుండాలి, రెండింటికీ పట్టుకునే కొసన రంధ్రం ఉండాలి. ఆ రెండు రంధ్రాల్లోంచి ఒక చిన్న మూడంకెల నంబరు తాళం వేయాలి. నంబరు పిల్లలకు గానీ, వాళ్ల నాన్నకు గానీ తెలియకూడదు. ఆ ఇంటి నాయనమ్మకు తెలియాలి. ఆవిడ అయితే భోజనం అయిందా, చేతులు కడుక్కున్నావా, రేపు పరీక్ష ఏదైనా ఉందా అని అడక్కుండా తీయదు. నాయనమ్మ దగ్గర లేని ఇళ్లలో పిన్నిగారో, పక్కింటి పెద్దావిడో ఆ బాధ్యత తీసుకోవచ్చు.

తాళం వేసిన ఈవీఏ కేసు బయట ఇంకో పెట్టె ఉండాలి. కెమెరాల వాళ్లు వాడే గట్టి ప్లాస్టిక్ పెట్టెలున్నాయి, మూత చుట్టూ రబ్బరు పట్టీ ఉండి గాలి చొరబడనివి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉండేవాళ్లకు ఇది తప్పనిసరి, ఆ ఉప్పుగాలి ఇనుప చువ్వల్నే తినేస్తుంది. ఆ పెట్టెలో సిలికా జెల్ సంచులు వేయండి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే తేమ పీల్చుకున్నట్టు. ఆ సంచులు పిల్లలకు అందకూడదు. ఆ పెట్టెకు పాత నూలుచీర చించి కుట్టిన సంచి. మొత్తం మూడు పొరలు. ఇందులోంచి కన్సోల్ తీయడానికి అయిదు నిమిషాలు పడుతుంది. అయిదు నిమిషాలు ఓపిక పట్టలేని పిల్లాడికి ఆ రోజు ఆడాలన్న కోరిక నిజంగా లేదని నా నమ్మకం.

రంగు గురించి ఒక్క మాట. మారియో బొమ్మలున్నవి, మెరిసే ఎరుపువి వద్దు. మందుల డబ్బా అనిపించే బూడిదరంగు కేసు తీసుకోండి. ఇంటికొచ్చిన చుట్టాల పిల్లలకు కళ్లు అటు పోకూడదు.

ఎండాకాలం మాట ప్రత్యేకంగా చెప్పాలి. స్విచ్‌ను 5 నుంచి 35 డిగ్రీల మధ్యే వాడమని నింటెండో చెబుతుంది. 2022 వేసవిలో జపాన్‌లో ఎండలు ముదిరినప్పుడు అక్కడివాళ్లకు ఈ సంగతి మళ్లీ గుర్తుచేసింది. మనకు ఏప్రిల్, మే నెలల్లో రామగుండంలోనో రెంటచింతలలోనో నీడలోనే 40 దాటుతుంది. కాబట్టి వేసవి సెలవుల్లో కేసు తెరవకూడదు. సెలవులు ఉన్నదే ఆడుకోవడానికి కదా అంటారు పిల్లలు. ఈత నేర్పించండి, మామిడితోటకు పంపండి, వాళ్లకు వంద ఆటలున్నాయి. వానాకాలం తేమ ఎక్కువ గనక అప్పుడూ వద్దు. ఆడిన వెంటనే వేడిగా ఉన్నదాన్ని కేసులో పెట్టకండి, కేసులో ఉంచి చార్జి చేయకండి. పూర్తిగా ఆపి, చల్లారాకే లోపలికి.

మరి బ్యాటరీ చచ్చిపోదా అంటారా? అడగాల్సిన ప్రశ్న ఇది. వాడకుండా వదిలేసినా ఆరు నెలలకొకసారైనా చార్జి చేయమని నింటెండో సూచన. మన పంచాంగం దీనికి సరిగ్గా కుదిరింది. ఉగాదికి ఒకసారి, విజయదశమికి ఒకసారి. ఆయుధపూజ రోజు ఎలాగూ స్క్రూడ్రైవరుకూ స్కూటరుకూ బొట్టు పెడతాం, ఆ వరుసలో కేసుకూ బొట్టు పెట్టి, తాళం తీసి, కన్సోల్‌ను చార్జింగ్‌కు పెట్టండి. బొట్టు కేసుకే, కన్సోల్‌కు కాదు, కుంకుమ పొడి చార్జింగ్ రంధ్రంలోకి పోతుంది. ఆ రోజు పిల్లలను గంటసేపు ఆడనివ్వండి. అధిక మాసం వచ్చిన ఏడాది ఈ రెండు పండగల మధ్య ఏడు నెలలు పడుతుంది, 2026లో అధిక జ్యేష్ఠం వల్ల అదే జరుగుతుంది. అలాంటి ఏడాది మధ్యలో ఇంకోసారి తీయాలి. స్విచ్ బ్యాటరీ 800 సార్లు చార్జి అయ్యాక కూడా 80 శాతం సామర్థ్యంతో ఉంటుందని కంపెనీ లెక్క. ఏడాదికి రెండుసార్లయితే ఆ 800 పూర్తవడానికి 400 ఏళ్లు. ఊరికే ఉన్నా బ్యాటరీకి వయసు మీద పడుతుంది, అది వేరే సంగతి. చార్జింగ్ వల్ల వచ్చే అరుగుదల మాత్రం మన ఇంట్లో ఉండదు.

డాలస్ నుంచి వచ్చిన మా చెల్లెలి కొడుకు ఇదంతా విని, "మావయ్యా, ఆడకపోతే కొనడం ఎందుకు?" అన్నాడు. వాడి బాధ నాకర్థమైంది. వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. అమ్మమ్మ కాసులపేరు పెట్టుకుని ఎవరైనా రైతుబజారుకు వెళ్తారా? పెళ్లికో పేరంటానికో తీస్తారు, మళ్లీ లాకర్లో పెడతారు. అది వాడటం కాదని ఎవరన్నారు? పైగా నింటెండోకు మన దేశంలో సొంత సర్వీస్ సెంటర్ లేదు. స్విచ్ 2 అమెరికాలో 449.99 డాలర్లతో మొదలైంది. అక్కడి నుంచి ఎవరో తెచ్చిన వస్తువు ఇక్కడ పాడైతే, బాగుచేసేవాళ్ల కోసం వీధులు తిరగాలి.

కన్సోళ్లు అంత సుకుమారం కాదనే వాళ్లు గల్ఫ్ యుద్ధం గేమ్‌బాయ్ కథ చెబుతారు. ఒక అమెరికా సైనికుడి గేమ్‌బాయ్ బాంబు దాడిలో ముందుభాగమంతా కాలి కరిగిపోయినా పనిచేసింది. నిజమే. కానీ 1989లో పుట్టిన ఆ గేమ్‌బాయ్‌కు పొడుచుకొచ్చిన స్టిక్కులు లేవు, నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో నడిచేది. తర్వాత ఏళ్ల తరబడి దాన్ని ఎక్కడ ఉంచారు? న్యూయార్క్‌లోని నింటెండో షాపులో, అద్దాల పెట్టెలో. బాంబును తట్టుకున్నదానికే పెట్టె కావాల్సి వస్తే, స్విచ్‌కు అక్కర్లేదని ఎలా అంటాం?

ప్రయాణానికి తీసుకెళ్లొచ్చా అని అడుగుతారు. కేసు పట్టుకుని తిరగడానికే కదా అని వాళ్ల ఉద్దేశం. నా సలహా, వద్దు. విమానంలో అయితే లిథియం బ్యాటరీ ఉన్న వస్తువు గనక చేతిసంచిలో పెట్టుకోవడమే మేలు, పవర్‌బ్యాంకు చెక్‌ఇన్ సామానులో వేయనివ్వరు. సెక్యూరిటీ దగ్గర బయటికి తీసి ట్రేలో పెట్టమంటారు. మూడు పొరలు విప్పి, నాయనమ్మకు ఫోన్ చేసి నంబరు అడిగి, వెనక వరుస ఆపి, ఆ ట్రేలో బెల్టుల పక్కన, చెప్పుల పక్కన పెట్టడం నాకు ఇష్టం లేదు. ఇంట్లోనే ఉండనివ్వండి.

ఇక ఆ చెక్క నమూనా. కేసు కుదిరాక దాన్ని పారేయకండి. పిల్లాడి చేతికిచ్చి, నెల రోజులు దాన్నే స్విచ్ అనుకోమనండి. రెండు చేతులతో పట్టుకోవడం, మంచం అంచున పెట్టకపోవడం, అయ్యాక చల్లారబెట్టి కేసులో పెట్టడం, జిప్పు మూలల దగ్గర లాగకుండా తిప్పడం, అన్నీ దానిమీద నేర్చుకోవాలి. మా మేనకోడలి కొడుకు ఎనిమిదేళ్లవాడు, ఆ చెక్కను ఇప్పుడు ఎంత పద్ధతిగా కేసులో పెడతాడో చూస్తే ముచ్చటేస్తుంది. వాళ్లింట్లో ఇంకా స్విచ్ కొనలేదు.

ఈ దసరాకు ఏ ఆన్‌లైన్ సేల్‌లోనో తక్కువకు వచ్చిందని కన్సోల్ మీదికి ఎగబడకండి. టేప్ తీసుకోండి, వడ్రంగిని పిలవండి, ముందు మంచి కేసు ఒకటి కొని బీరువాలో పెట్టండి. కన్సోల్ సంగతి వచ్చే ఉగాదికి చూసుకోవచ్చు.